లాడ్జి నెట్‌వర్క్‌ను వీలాన్‌లుగా విడగొట్టడం: ఒకే స్విచ్, ఒకే రౌటర్‌తో

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. తిరుపతి బస్టాండు దగ్గర మూడంతస్తుల లాడ్జి, 36 గదులు. సిస్కో 2960-ఎక్స్ 24 పోర్టుల పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటూ ఇచ్చే) స్విచ్ ఒకటి, మైక్రోటిక్ రౌటర్ ఒకటి, 12 కెమెరాలు, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె), 6 యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే పెట్టెలు), రిసెప్షన్‌లో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. అన్నీ 192.168.1.0 అనే ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. గదిలో దిగినవాళ్ళ ఫోన్లలో మీ బిల్లింగ్ ఫోల్డరు, కెమెరాల లాగిన్ పేజీ కనబడుతున్నాయి. రద్దీ రోజుల్లో వైఫై కనెక్ట్ అవుతుంది గానీ నెట్ రాదు. చిత్తూరులో ఉన్న మీ ఇంకో లాడ్జిలోనూ ఇవే నంబర్లు పెట్టొచ్చా అని కూడా అడిగారు.

కొత్త సామాను ఏమీ కొనక్కర్లేదు. ఉన్న స్విచ్‌లోనే వీలాన్‌లు చేసుకుంటే చాలు. వీలాన్ పెడితే ఒకే స్విచ్ లోపల ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు స్విచ్‌లు ఉన్నట్టు పనిచేస్తుంది. ఒకే కేబుల్ మీద చాలా వీలాన్‌లు పోవాల్సిన చోట 802.1క్యూ పద్ధతిలో ఫ్రేమ్‌లకు (డేటా ముక్కలకు) అవి ఏ వీలాన్‌వో చెప్పే 4 బైట్ల ట్యాగ్ తగులుతుంది. అందులో వీలాన్ నంబరుకు 12 బిట్లు ఉంటాయి కాబట్టి 1 నుంచి 4094 దాకా వాడుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందే ఒక సంగతి తెలుసుకోండి. స్విచ్ విడగొట్టినదాన్ని రౌటర్ మళ్ళీ కలుపుతుంది. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దారి చూపించడమే రౌటర్ పని. ప్రతి వీలాన్‌కూ అందులో గేట్‌వే (బయటికి పోయే దారి చిరునామా) పెట్టిన క్షణం నుంచి, గది ఫోన్ మళ్ళీ బిల్లింగ్ కంప్యూటర్‌ను చేరగలదు. ఫైర్‌వాల్ (ఎవరు ఎవరిని చేరొచ్చో తేల్చే కాపలా) నియమాలు రాయనిదే మీ అసలు సమస్య తీరదు. చాలా చోట్ల స్విచ్ కాన్ఫిగరేషన్ నీటుగా చేసి, నెట్ వస్తోంది కదా అని అక్కడితో ఆపేస్తారు.

ముందు కాగితం మీద

వీలాన్ 10, ఆఫీసు: 192.168.10.0/24
వీలాన్ 20, కెమెరాలు, ఎన్‌వీఆర్: 192.168.20.0/24
వీలాన్ 30, గెస్ట్ వైఫై: 192.168.32.0/22
వీలాన్ 99, స్విచ్, యాక్సెస్ పాయింట్ల మేనేజ్‌మెంట్: 192.168.99.0/24
వీలాన్ 999, ఎవరూ వాడనిది: ఐపీ లేదు

పోర్టులు: 1 నుంచి 12 కెమెరాలు, 13 నుంచి 18 యాక్సెస్ పాయింట్లు, 19 ఎన్‌వీఆర్, 20, 21 రిసెప్షన్, 22 ప్రింటర్, 23 రౌటర్. 24ను ఖాళీగా, మేనేజ్‌మెంట్ వీలాన్‌లో ఉంచండి. ఏదైనా తేడా కొడితే లాప్‌టాప్ తగిలించడానికి అదే దిక్కు. ఈ పట్టికను ప్రింట్ తీసి ర్యాక్ తలుపు లోపల అంటించండి. రేపు మీరు ఊళ్ళో లేనప్పుడు వచ్చే మనిషికి అది చాలా అవసరం.

చిరునామా చివర ఉన్న /24, /22 నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్తాయి. గెస్ట్ నెట్‌వర్క్‌కు 30 అని కాకుండా 32 అని ఎందుకు రాశానంటే, /22 అనేది నాలుగేసి బ్లాకులుగా పోతుంది. చుక్కల మధ్య మూడో సంఖ్య నాలుగుతో భాగించబడాలి. 192.168.30.0/22 అని కొడితే అది నిజానికి 28.0తో మొదలయ్యే బ్లాకులో పడుతుంది. వీలాన్ నంబరూ ఐపీ అంకె ఒకటే ఉంటే గుర్తుండడానికి బాగుంటుంది గానీ అది రూలు కాదు.

/22 ఎందుకంటే, మీ రద్దీ రోజుల ఫిర్యాదుకు కారణం అక్కడే ఉంది. మీ డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే ఏర్పాటు) లీజు, అంటే ఇచ్చిన చిరునామా ఒకరి పేరున ఉండే గడువు, 1 రోజు అని ఉందన్నారు. /24లో ఇవ్వగలిగిన చిరునామాలు 254. అందులో కెమెరాలు, ప్రింటర్, రౌటర్ పోగా ఇంకా తగ్గుతాయి. 36 గదుల్లో గదికి నలుగురు అనుకుంటే 144 ఫోన్లు. గరుడసేవ రోజో, వైకుంఠ ఏకాదశి రోజో పొద్దున ఖాళీ చేసిన గదిలో మధ్యాహ్నానికి ఇంకో కుటుంబం దిగుతుంది. ఖాళీ చేసి పోయినవాళ్ళ ఫోన్లకు ఇచ్చిన చిరునామాలు మరుసటి రోజు దాకా రౌటర్ లెక్కలో వాళ్ళ పేరునే ఉంటాయి. 144 రెండు దఫాలైతే 288. అప్పటికే పూల్ నిండిపోయింది. దీనికి తోడు ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకు ఒక్కో మారు మ్యాక్ చిరునామా (పరికరాన్ని గుర్తించే నంబరు) చూపిస్తాయి. నెట్‌వర్క్ మర్చిపోయి మళ్ళీ కలిపితే కొన్ని ఫోన్లు కొత్త మ్యాక్‌తో వచ్చి ఇంకో చిరునామా పట్టుకుంటాయి. /22తో 1022 చిరునామాలు వస్తాయి. లీజును 2 గంటలకు తగ్గించండి. ఈ రెండూ చేస్తే పండగ రోజుల ఇబ్బంది పోతుంది. లైను స్పీడు పెంచినంత మాత్రాన అది పోదు.

కెమెరాల చిరునామాలు మార్చాలా

12 కెమెరాలకూ చేత్తో పెట్టిన 192.168.1.x చిరునామాలు ఉండి ఉంటాయి. అన్నీ మార్చడం విసుగు పని కాబట్టి వీలాన్ 20కే పాత 192.168.1.0ను ఉంచేద్దాం అనిపిస్తుంది. మీ ఫైబర్ మోడెమ్ బ్రిడ్జ్ మోడ్‌లో (తను రౌటర్ పని చేయకుండా లైను దాటించేలా) ఉండి, పీపీపీఓఈ డయలింగ్ (నెట్ కంపెనీకి లాగిన్ అవడం) మైక్రోటిక్ చేస్తుంటే అలా ఉంచవచ్చు. మోడెమే రౌటర్‌గా ఉంటే మాత్రం కుదరదు. చాలా మోడెమ్‌ల లోపలి చిరునామా కూడా 192.168.1.1. మైక్రోటిక్‌కు బయటి వైపూ లోపలి వైపూ ఒకే నెట్‌వర్క్ కనిపిస్తే ప్యాకెట్ ఎటు పంపాలో తేలక నెట్ వచ్చీ రానట్టు ఉంటుంది. నన్నడిగితే ఒక పూట కూర్చుని 20కి మార్చేయండి. మార్చే వరస ముఖ్యం: ముందు కెమెరా లోపల ఐపీ, గేట్‌వే మార్చాలి, తర్వాత ఎన్‌వీఆర్‌లో ఆ ఛానల్ చిరునామా సవరించాలి, చివరగా పోర్టును వీలాన్ 20లోకి నెట్టాలి. పోర్టు ముందు మారిస్తే కెమెరా అందకుండా పోతుంది. అప్పుడు లాప్‌టాప్‌కు 192.168.1.x పెట్టుకుని అదే వీలాన్‌లో దూరి వెతుక్కోవాలి.

స్విచ్ మీద

కన్సోల్ కేబుల్‌తోనే (లాప్‌టాప్‌ను నేరుగా స్విచ్ కన్సోల్ పోర్టుకు తగిలించేది) చేయండి. 9600 స్పీడు, 8 బిట్లు, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1. నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయి చేస్తే మధ్యలో మీరు కూర్చున్న కొమ్మే తెగుతుంది. కన్సోల్ దొరక్కపోతే, మొదలుపెట్టే ముందు రైట్ మెమరీ (సేవ్ చేసే కమాండ్) కొట్టి, రీలోడ్ ఇన్ 10 అని ఇవ్వండి. దారి తెగిపోతే పది నిమిషాలకు స్విచ్ తనంతట తానే రీబూట్ అయి పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ కొట్టండి. ఆ పది నిమిషాల్లో సేవ్ చేయకూడదు, చేస్తే ఈ ఏర్పాటుకు అర్థం లేదు.

ఇక్కడ కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, స్విచ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

వీటీపీ మోడ్ ట్రాన్స్‌పరెంట్
వీలాన్ 10
నేమ్ ఆఫీస్

ఇలాగే 20, 30, 99, 999 చేయండి. వీటీపీ (స్విచ్‌లు వీలాన్ జాబితాను తమలో తాము పంచుకునే పద్ధతి) లైను అనవసరం అనుకోవద్దు. రేపు సెకండ్‌హ్యాండ్ స్విచ్ ఒకటి తెచ్చి ట్రంక్ (చాలా వీలాన్‌లను మోసే పోర్టు) మీద తగిలించారనుకోండి. దాని వీటీపీ డొమైన్ పేరు కలిసి, రివిజన్ నంబరు పెద్దదైతే మీ వీలాన్ జాబితా మొత్తాన్ని తన జాబితాతో చెరిపేస్తుంది. ట్రాన్స్‌పరెంట్‌లో ఉంటే ఆ భయం లేదు.

కెమెరా పోర్టులకు:

ఇంటర్‌ఫేస్ రేంజ్ జీఐ1/0/1 - 12
స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీలాన్ 20
స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్
స్పానింగ్-ట్రీ బీపీడీయూగార్డ్ ఎనేబుల్

19కి కూడా ఇదే. 20, 21, 22కు వీలాన్ 10. 24కు వీలాన్ 99. బీపీడీయూగార్డ్ ఉంటే, ఎవరైనా తెలియక ప్యాచ్ కార్డ్ రెండు కొసలనూ ఒకే చిన్న స్విచ్‌లో గుచ్చినప్పుడు ఆ ఒక్క పోర్టే ఎర్-డిజేబుల్ అయి ఆగిపోతుంది, లాడ్జి మొత్తం పడిపోదు. ఎర్‌డిజేబుల్ రికవరీ కాజ్ బీపీడీయూగార్డ్ కూడా ఇస్తే 300 సెకన్లకు తనే మళ్ళీ లేచి చూస్తుంది.

ఇప్పుడు రౌటర్ వైపు పోయే 23. మొదటి రోజే చివరి రూపం ఇవ్వకండి. పాత వీలాన్ 1ను కూడా కొన్నాళ్ళు మోయనివ్వండి:

ఇంటర్‌ఫేస్ జీఐ1/0/23
స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్
స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 1,10,20,30,99

ఇలా చేస్తే ట్యాగ్ లేని పాత నెట్‌వర్క్ యథాతథంగా నడుస్తుంటుంది, మీరు ఒక్కో పోర్టునూ నింపాదిగా కొత్త వీలాన్‌లోకి మార్చుకోవచ్చు. గెస్టులకు పెద్దగా అంతరాయం ఉండదు. అన్నీ మారాక స్విచ్‌పోర్ట్ ట్రంక్ నేటివ్ వీలాన్ 999 (నేటివ్ అంటే ట్యాగ్ లేని ఫ్రేమ్‌లు పడే వీలాన్) ఇచ్చి, అలౌడ్ జాబితాలోంచి 1ని రిమూవ్ అనే మాటతో తీసేయండి.

పాత పుస్తకాలు చూసి ట్రంక్ ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ కొడితే 2960 ఒప్పుకోదు. దానికి వేరే పద్ధతే లేదు కాబట్టి ఆ కమాండ్ కూడా లేదు. 3560, 3750 వంటి వాటిలో మాత్రం అది ఇచ్చాకే ట్రంక్ మోడ్ ఇవ్వాలి. ఇంకోటి: తర్వాతెప్పుడో వీలాన్ 40 చేర్చాలనుకుని అలౌడ్ వీలాన్ 40 అని కొడితే పాత జాబితా మొత్తం పోయి 40 ఒక్కటే మిగులుతుంది. అలౌడ్ వీలాన్ యాడ్ 40 అనాలి. ఆ ఒక్క మాట మర్చిపోతే లాడ్జి మొత్తానికి నెట్ ఆగుతుంది.

యాక్సెస్ పాయింట్ల పోర్టులు 13 నుంచి 18 కూడా ట్రంకులే. వాటికి నేటివ్ 99, అలౌడ్ 10,30,99. యాక్సెస్ పాయింట్ తన సొంత ఐపీని ట్యాగ్ లేకుండా 99 నుంచి తీసుకుంటుంది. గెస్ట్ వైఫై పేరుకు 30, స్టాఫ్ వైఫై పేరుకు 10 అని యాక్సెస్ పాయింట్ సెట్టింగులో రాయాలి. 23లో నేటివ్ 999, 13లో 99 ఉంటే తప్పు కాదా అనే అనుమానం చాలామందికి వస్తుంది. కాదు. నేటివ్ వీలాన్ ఒక కేబుల్ రెండు చివర్లలో ఒకటిగా ఉంటే చాలు, స్విచ్ అంతటా ఒకటే ఉండాలని లేదు. యాక్సెస్ పాయింట్ల కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ రిసెప్షన్ కంప్యూటర్‌లో ఉంటే, నేటివ్ మార్చగానే కంట్రోలర్‌కు అవి కనబడకుండా పోవచ్చు. 10 నుంచి 99కి దారి ఇచ్చి, కంట్రోలర్ చిరునామాను యాక్సెస్ పాయింట్లకు ముందే చెప్పి ఉంచండి.

మేనేజ్‌మెంట్ ఐపీ: ఇంటర్‌ఫేస్ వీలాన్ 99లో 192.168.99.2, మాస్క్ 255.255.255.0, నో షట్‌డౌన్, బయట ఐపీ డీఫాల్ట్-గేట్‌వే 192.168.99.1. 99 వీలాన్‌లో ఒక్క పోర్టు కూడా అప్ లేకపోతే ఈ ఇంటర్‌ఫేస్ డౌన్‌లోనే ఉంటుంది. స్విచ్ పాడైందని కంగారు పడొద్దు.

మీ స్విచ్ పీఓఈ బడ్జెట్ 370 వాట్లు. రాత్రి ఐఆర్ (చీకట్లో చూడడానికి కెమెరాలో ఉండే లైటు) వెలిగినప్పుడు కెమెరాకు 7 వాట్లు, యాక్సెస్ పాయింట్‌కు 13 వాట్లు అనుకున్నా 84 ప్లస్ 78, మొత్తం 162. కాబట్టి ఆ దిగులు లేదు. షో పవర్ ఇన్‌లైన్ కొడితే అసలు లెక్క కనబడుతుంది.

రౌటర్ మీద

విన్‌బాక్స్‌లో (మైక్రోటిక్ సెట్టింగుల సాఫ్ట్‌వేర్) ఇంటర్‌ఫేసెస్, అందులో వీలాన్ ట్యాబ్, ప్లస్ నొక్కి ఒక్కో వీలాన్‌కు పేరు, నంబరు, కింద ఇంటర్‌ఫేస్‌గా స్విచ్ తగిలిన ఈథర్ పోర్టు ఇవ్వండి. ఆ ఈథర్ పోర్టు అప్పటికే బ్రిడ్జ్‌లో (రౌటర్ పోర్టులను ఒకటిగా కలిపే గుంపు) సభ్యురాలిగా ఉంటే వీలాన్‌ను దాని మీద పెట్టకూడదు, సరిగా పనిచేయదు. పోర్టును బ్రిడ్జ్ నుంచి తీసేసి, పాత 192.168.1.1ను, దాని డీహెచ్‌సీపీ సర్వర్‌నూ పోర్టు మీదికి మార్చి, అప్పుడు వీలాన్‌లు పెట్టండి. ఆ తర్వాత ఐపీ అడ్రసెస్‌లో 192.168.10.1/24, 192.168.20.1/24, 192.168.32.1/22, 192.168.99.1/24. డీహెచ్‌సీపీ సర్వర్ పేజీలో డీహెచ్‌సీపీ సెటప్ బటన్ ఒక్కో వీలాన్‌కు వరసగా అడుగుతూ పోతుంది. గెస్ట్‌కు లీజు 2 గంటలు.

ఫైర్‌వాల్‌లో నియమాలు పైనుంచి కిందికి చదవబడతాయి, వరస తప్పితే ఫలితం తప్పుతుంది. ఫార్వర్డ్ చెయిన్‌లో ఈ క్రమం పెట్టండి:

మొదట, ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ (అప్పటికే మొదలైన, వాటికి సంబంధించిన) కనెక్షన్లకు అనుమతి.
ఆఫీసు నుంచి ఎన్‌వీఆర్ ఒక్క ఐపీకి అనుమతి.
ఆఫీసు నుంచి 99కి అనుమతి.
ఎన్‌వీఆర్ ఐపీ నుంచి ఇంటర్నెట్‌కు అనుమతి, మీరు ఫోన్‌లో కెమెరాలు చూసుకోవాలంటేనే.
వీలాన్ 20 నుంచి మిగతాదంతా డ్రాప్.
వీలాన్ 30 నుంచి ఇంటర్నెట్ వైపు కాని ప్రతిదీ డ్రాప్.
వీలాన్ 10 నుంచి ఇంటర్నెట్ వైపు కాని మిగతాది డ్రాప్.

ఇక్కడ ఒక పెద్ద కంత ఉంటుంది. ఫార్వర్డ్ చెయిన్ రౌటర్ గుండా దాటే ట్రాఫిక్‌కే. రౌటర్ సొంత చిరునామాలకు వచ్చేది ఇన్‌పుట్ చెయిన్ కిందికి వస్తుంది. గెస్ట్ ఫోన్ 192.168.10.1 అని కొడితే అది రౌటరే, కాబట్టి పై నియమాలు దాన్ని ఆపవు. రౌటర్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. ఇన్‌పుట్ చెయిన్‌లో వీలాన్ 30 నుంచి డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరుకు ఐపీ చెప్పే ఏర్పాటు) కోసం పోర్టు 53 టీసీపీ, యూడీపీ, డీహెచ్‌సీపీ కోసం యూడీపీ 67 మాత్రమే అనుమతించి మిగతాది డ్రాప్ చేయండి.

మైక్రోటిక్‌తో వచ్చే డీఫాల్ట్ ఫైర్‌వాల్‌లో, లాన్ (లోపలి నెట్‌వర్క్) జాబితాలో లేని ఇంటర్‌ఫేస్ నుంచి రౌటర్‌కు వచ్చేదంతా డ్రాప్ చేసే నియమం ఉంటుంది. కొత్త వీలాన్‌లు ఆ జాబితాలో తమంతట తాము చేరవు. 10ని, 99ని అందులో చేర్చండి, 20ని, 30ని చేర్చకండి. 53 అనుమతి నియమం ఆ డ్రాప్‌కు పైన ఉండాలి. కింద పడితే ఫోన్‌కు ఐపీ వస్తుంది, ఇంటర్నెట్‌లోని 8.8.8.8కు పింగ్ (అందుతోందా అనే పరీక్ష) పోతుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఈ లక్షణం చూడగానే డీఎన్‌ఎస్ నియమం చూడండి. 8.8.8.8కే పింగ్ పోకపోతే నాట్ (లోపలి ఐపీలను బయటి ఐపీగా మార్చే ఏర్పాటు) చూడండి. దాని మాస్క్వరేడ్ నియమంలో ఎవరో సోర్స్‌గా 192.168.1.0/24 అని చేత్తో రాసి ఉంటే కొత్త నెట్‌వర్క్‌లకు అది వర్తించదు.

గెస్టుకూ గెస్టుకూ మధ్య

వీలాన్ 30లో ఉన్న ఫోన్లన్నీ ఒకే నెట్‌వర్క్. ఒక గది ఫోన్ పక్క గది లాప్‌టాప్‌ను చూడకుండా వీలాన్ ఆపదు, రౌటర్ కూడా ఆపదు, ఎందుకంటే ఆ ట్రాఫిక్ రౌటర్ దాకా రాదు. యాక్సెస్ పాయింట్‌లో గెస్ట్ పేరుకు క్లయింట్ ఐసోలేషన్ పెట్టండి. చాలా యాక్సెస్ పాయింట్లలో అది ఆ ఒక్క పాయింట్ లోపలే పనిచేస్తుంది. మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తుకు పోయేదాన్ని ఆపాలంటే 13 నుంచి 18 పోర్టులకు స్విచ్‌పోర్ట్ ప్రొటెక్టెడ్ ఇవ్వండి. ఆ ఆరు పోర్టులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, రౌటర్‌తో మాత్రం మాట్లాడతాయి.

ఎవరైనా సొంత రౌటర్ తెచ్చి గుచ్చితే అది తప్పుడు ఐపీలు పంచుతుంది. దాన్ని ఆపడానికి స్విచ్‌లో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్, ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ వీలాన్ 10,30, ఇంకా 23వ పోర్టులో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ట్రస్ట్. ఈ ట్రస్ట్ మర్చిపోతే మీ అసలు రౌటర్ జవాబులే ఆగిపోయి ఎవరికీ ఐపీ రాదు. స్విచ్ చేర్చే ఆప్షన్ 82ను (ఏ పోర్టు నుంచి అడిగారో చెప్పే సమాచారం) కొన్ని సర్వర్లు తిరస్కరిస్తాయి కాబట్టి నో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఇన్ఫర్మేషన్ ఆప్షన్ కూడా ఇవ్వండి.

పరీక్ష, సేవ్

షో వీలాన్ బ్రీఫ్‌లో 13 నుంచి 18, 23 కనబడవు. అవి ట్రంకులు కాబట్టి షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్‌లో ఉంటాయి. అక్కడ చివరి భాగంలో ఫార్వర్డింగ్ అని ఉన్న వీలాన్‌లే నిజంగా దాటుతున్నాయి. లాప్‌టాప్‌కు 169.254తో మొదలయ్యే ఐపీ వస్తే డీహెచ్‌సీపీ అందలేదని అర్థం. ముందు ఆ వీలాన్ ట్రంక్ జాబితాలో ఉందా చూడండి. తర్వాత గెస్ట్ వైఫైలో ఒక ఫోన్ కలిపి నాలుగు కొట్టి చూడండి: రిసెప్షన్ కంప్యూటర్ ఐపీ, ఎన్‌వీఆర్ ఐపీ, 192.168.10.1, 192.168.99.2. నాలుగూ తెరుచుకోకూడదు. ఒక్కటి తెరుచుకున్నా పని పూర్తి కానట్టే.

రెండు రోజులు బాగా నడిచాక రైట్ మెమరీ చేద్దాం అనుకోకండి. సాయంత్రం గాలివానకు కరెంటు పోయి యూపీఎస్ దిగిపోతే, సేవ్ చేయనిది మొత్తం పోతుంది. ప్రతి దశ పరీక్షించగానే సేవ్ చేయండి, కాన్ఫిగరేషన్ కాపీ ఒకటి ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకోండి. స్విచ్‌కూ రౌటర్‌కూ ఎన్‌టీపీ (నెట్ నుంచి టైము తీసుకునే ఏర్పాటు) పెట్టి టైము సరిచేయండి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లను (ఎప్పుడు ఏం జరిగిందనే రికార్డులను) 180 రోజులు భద్రపరచాలని ఉంది. రౌటర్ మెమరీలో అన్ని రోజులవి నిలవవు, ఆఫీసు వీలాన్‌లో ఒక సిస్‌లాగ్ (లాగ్‌లు దాచే) మెషీన్‌కు పంపండి.

చిత్తూరు లాడ్జి సంగతి

వీలాన్ నంబర్లు రెండు ఊళ్ళలోనూ 10, 20, 30, 99గానే ఉంచండి. పనిచేసేవాళ్ళకు ఒకే పద్ధతి అలవాటవుతుంది, ఆ నంబర్లు ఇంటర్నెట్ దాటి పోవు కాబట్టి గొడవ లేదు. ఐపీలు మాత్రం ఒకటి కాకూడదు. రేపు తిరుపతిలో కూర్చుని చిత్తూరు ఎన్‌వీఆర్ చూడాలని రెండు మైక్రోటిక్‌ల మధ్య వైర్‌గార్డ్ (ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లనూ కలిపే రహస్య దారి, అంటే వీపీఎన్) కలిపితే, రెండు వైపులా 192.168.20.0 ఉంటే రౌటర్ ప్యాకెట్‌ను ఇక్కడి కెమెరాలకే పంపుతుంది, అక్కడికి పోనే పోదు. చిత్తూరులో ఆఫీసుకు 192.168.110.0/24, కెమెరాలకు 192.168.120.0/24, గెస్ట్‌కు 192.168.132.0/22, మేనేజ్‌మెంట్‌కు 192.168.199.0/24 పెట్టండి. 132 కూడా నాలుగుతో భాగించబడుతుంది. వీపీఎన్‌లో గెస్ట్ నెట్‌వర్క్‌ను చేర్చొద్దు. ఆఫీసు, ఎన్‌వీఆర్ చిరునామాలు మాత్రం అలౌడ్ అడ్రస్‌లో ఇస్తే చాలు.